ఎలక్ట్రాన్ విన్యాసం: తిరుపతి ప్రాంత పరిశోధనలు

పరమాణువులోని ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ ఏ కర్పరంలో, అందులోనూ ఏ ఉపకర్పరంలో ఎన్నేసి చొప్పున ఉంటాయో తెలిపే అమరికను ఎలక్ట్రాన్ విన్యాసం అంటారు. దీన్ని మొదట నిర్దేశించిన ఘనతను పాఠ్యగ్రంథాలు చాలావరకు నీల్స్ బోర్‌కే కట్టబెడతాయి. అయితే బయటి కర్పరంలో ఎనిమిదికి మించి ఎలక్ట్రాన్లు నిలవవన్న సూత్రాన్ని, లోపలి కర్పరాలు 8 నుంచి 18కి, 18 నుంచి 32కి పెరుగుతాయన్న సంగతిని 1921లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బరీ రసాయనిక ఆధారాలతో మరింత స్పష్టంగా వివరించాడని చెప్పడమే సమంజసంగా తోస్తుంది. ఉపకర్పరాల సామర్థ్యాన్ని 1924లో ఎడ్మండ్ స్టోనర్ సూచించగా, ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒక్కటి కాజాలవన్న పౌలీ వర్జన నియమం 1925లో దానికి పునాది అయింది. ఉపకర్పరాలు నిండే క్రమాన్ని మాడెలుంగ్ పేరుతో వ్యవహరిస్తున్నా, ఆయన 1936లో దాన్ని ప్రచురించడానికి ముందే, 1920ల చివర, ఫ్రాన్సుకు చెందిన చార్లెస్ జానెట్ ఆవర్తన పట్టికను దాదాపు అదే వరుసలో అమర్చాడు.

ఎలక్ట్రాన్ పరమాణువు అంచున ఉందా, లోపల ఒదిగి ఉందా అన్నదాన్ని బట్టి ఆ పరమాణువు కాంతి స్వభావం ఎంతగా మారుతుందో తెలిపే పరిశోధనలు తిరుపతి పరిసరాల్లో రెండు చోట్ల జరిగాయి.

మొదటిది 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగం. ఇక్కడ ఎస్.వి.జె. లక్ష్మణ్, తరువాతి తరంలో సి.కె. జయశంకర్ తదితరులు లాంథనైడ్ అయాన్ల వర్ణపటాలపై విస్తృతంగా పనిచేశారు. లాంథనైడ్లలో ఒకటైన నియోడిమియం పరమాణువులో జినాన్ విన్యాసానికి పైన 4ఎఫ్⁴, 6ఎస్² ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటిలో మూడు పోగా మిగిలే అయాన్ విన్యాసం 4ఎఫ్³. ఈ 4ఎఫ్ ఎలక్ట్రాన్లను నిండుగా ఉన్న 5ఎస్, 5పీ ఉపకర్పరాలు బయటి నుంచి కప్పి ఉంచుతాయి కనుక, అయాన్‌ను ఏ గాజులో చేర్చినా వర్ణపట పట్టీల స్థానాలు పెద్దగా కదలవు, వాటి తీవ్రతలు మాత్రం మారుతాయి. ఫాస్ఫేట్ వంటి పదార్థాల పొడులను తూచి, నూరి, ప్లాటినం మూసలో 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైన కరిగించి, ముందుగా వేడిచేసిన ఇత్తడి పలకపై పోసి నెమ్మదిగా చల్లార్చడం ఇటువంటి గాజుల తయారీలో సాధారణ పద్ధతి. వీటిలో యూరోపియం గాజు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 4ఎఫ్⁶ విన్యాసం గల యూరోపియం అయాన్ దాదాపు 590 నానోమీటర్ల దగ్గర వెలువరించే నారింజ కాంతి పరిసరాలకు అంతగా లొంగదు. 612 నానోమీటర్ల దగ్గరి ఎరుపు కాంతి మాత్రం చుట్టూ ఉన్న పరమాణువుల అమరికలో సౌష్ఠవం తగ్గేకొద్దీ బలపడుతుంది. అందువల్ల ఈ రెండింటి నిష్పత్తి నుంచే అయాన్ చుట్టూ ఉన్న నిర్మాణాన్ని ఊహించవచ్చు. తీవ్రతల లెక్కకు ఆధారమైన సిద్ధాంతాన్ని జడ్, ఓఫెల్ట్ 1962లో ఎవరికి వారుగా ప్రచురించారు.

రెండవది తిరుపతి–చిత్తూరు దారిలోని గాదంకి. 1992లో జాతీయ ఎంఎస్‌టీ రాడార్ కేంద్రంగా ఏర్పడిన ఇక్కడి సంస్థ 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. ఇక్కడి లైడార్, అంటే లేజర్ కాంతిని ఆకాశంలోకి పంపి తిరిగివచ్చిన దాన్ని కొలిచే పరికరం, 1998లో జపాన్ సహకారంతో నెలకొన్నది. సోడియం లైడార్ ఆ తరువాత, సుమారు 2005 ప్రాంతంలో, దానికి తోడైంది. సోడియం విన్యాసం 1ఎస్², 2ఎస్², 2పీ⁶, 3ఎస్¹. అంచున ఒంటరిగా ఉన్న ఆ పదకొండవ ఎలక్ట్రాన్ 589 నానోమీటర్ల కాంతిని గ్రహించి 3పీ స్థాయికి ఎగసి, తిరిగి దిగుతూ అదే రంగు కాంతిని విడుస్తుంది. ఈ కాంతిని పుట్టించే రంగుద్రవ్య లేజర్‌ను నడిపేది నియోడిమియం లేజర్, అంటే మళ్లీ 4ఎఫ్ ఎలక్ట్రాన్లే. ఈ లైడార్ గమనించే, ఉల్కలు కాలిపోగా మిగిలిన సోడియం భూమికి సుమారు 80 నుంచి 105 కిలోమీటర్ల ఎత్తున పొరగా నిలిచి ఉంటుంది. అది చిక్కగా ఉన్న చోట సైతం సాధారణంగా ఘన సెంటీమీటరుకు కొన్ని వేల పరమాణువులే ఉంటాయి.