యానాం విలీనం - పారిస్ పార్టీ రాజకీయాలు

గౌతమీ గోదావరి ఒడ్డున, పూర్వపు తూర్పు గోదావరి జిల్లా మధ్యలో చిక్కుకున్నట్లుండే యానాం ప్రాంతం వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 1947 ఆగస్టు 15న చుట్టుపక్కల గ్రామాలన్నింటా త్రివర్ణ పతాకం ఎగిరింది. యానాంలో మాత్రం ఫ్రెంచి జెండాయే నిలిచింది. ఆ జెండా దిగడానికి మరో ఏడేళ్లు పట్టింది. అది చట్టరీత్యా దిగినట్లు ఫ్రాన్సు అంగీకరించడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. రాజమండ్రి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల ఇంత చిన్న ఊరి సమస్యకు పదిహేనేళ్లు ఎందుకు పట్టిందన్నది విచారించదగిన ప్రశ్న. దీనికి సమాధానం గోదావరి తీరాన కంటే పాండిచ్చేరి, పారిస్ నగరాల పార్టీ కార్యాలయాల్లోనూ, కొంతవరకు అల్జీరియా కొండల్లోనూ దొరుకుతుంది.

ఫ్రెంచివారు యానాంలో మొదట 1723లో స్థిరపడ్డారు. కొంతకాలం విడిచిపెట్టి 1731లో తిరిగి వచ్చారు. వారి ఉచ్ఛదశ ఆసఫ్‌జాహీ దర్బారు అండతో వచ్చినదే. 1753లో సలాబత్ జంగ్ తన సింహాసనాన్ని కాపాడుతున్న బుస్సీ సైన్యపు ఖర్చుల నిమిత్తం రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. అయితే 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. సలాబత్ జంగ్ మరుసటి ఏడే ఇంగ్లీషువారితో సంధి చేసుకున్నాడు. 1766 నాటికి సర్కారులు నిజాం అలీఖాన్ చేతి నుంచి కంపెనీకి సంక్రమించాయి. యానాం మాత్రం 1763 పారిస్ సంధి వల్ల ఫ్రెంచివారికి దక్కింది. తరువాతి యుద్ధాల్లో పలుమార్లు చేతులు మారి, 1814 సంధితో వారికే స్థిరపడింది. 1929 శారదా చట్టం వచ్చాక ఇంగ్లీషు ఇలాకాలోని వారు బాల్యవివాహాలు జరిపించుకోవడానికి ఇక్కడికి తరలివచ్చేవారు. సరిహద్దు వల్ల యానాంకు కలిగిన లాభాల్లో ఇదొకటి!

1948 జూన్‌లో భారత ప్రభుత్వమూ ఫ్రాన్సూ ఒక ఒడంబడికకు వచ్చాయి. ఫ్రెంచి స్థావరాల ప్రజలు తమ భవిష్యత్తును ప్రజాభిప్రాయ సేకరణ ద్వారా తామే నిర్ణయించుకోవాలని, దాని విధివిధానాలను ఎన్నికైన మునిసిపల్ సభ్యులు నిర్ణయించాలని అందులో ఉన్నది. చందర్‌నగర్‌లో 1949 జూన్ 19న ఓటింగు జరిగింది. భారతదేశం పక్షాన 7,473 ఓట్లు, వ్యతిరేకంగా 114 వచ్చాయి. ఆ ఫలితం చూసిన తరువాత పారిస్‌కు మిగిలిన స్థావరాల్లో ఓటు పెట్టడానికి తొందర లేకపోయింది.

ఇక్కడే పార్టీల పాత్ర మొదలవుతుంది. 1948 అక్టోబరు మునిసిపల్ ఎన్నికల్లో పాండిచ్చేరిలో నెగ్గినది ఎడ్వర్డ్ గుబేర్ నాయకత్వంలోని ఫ్రెంచిండియా సోషలిస్టు పార్టీ. పేరుకు సోషలిస్టు పార్టీ అయినా, ఫ్రెంచి యూనియన్‌లో కొనసాగడమే దాని అసలు కార్యక్రమం. వి. సుబ్బయ్య నాయకత్వాన గల కమ్యూనిస్టులు సైతం కొంతకాలం విలీనం విషయంలో తటపటాయించి, పిమ్మట విలీనవాదులయ్యారు. 1949లో కస్టమ్స్ ఒప్పందం ముగియడంతో సరిహద్దు తనిఖీలు, పర్మిట్లు, సరుకుల కొరత సామాన్యుడి నెత్తిన పడ్డాయి. 1951లో వచ్చిన తటస్థ పరిశీలకులు స్వేచ్ఛగా ఓటింగు జరిగే పరిస్థితులు లేవన్నారు. 1952లో భారత ప్రభుత్వం ప్రజాభిప్రాయ సేకరణ మార్గాన్నే విడనాడింది. ఆ విధంగా ప్రజల ఓటు అనే మాట రెండు ప్రభుత్వాల మధ్య నలిగి మాయమైంది.

ఫ్రెంచి పార్లమెంటులో సభ్యుడై, ఫ్రెంచి పాలనకు స్తంభం వంటివాడైన గుబేర్ 1954 మార్చిలో అకస్మాత్తుగా విలీనవాది అయ్యాడు. మార్చి 18న పాండిచ్చేరి మేయరు, మంత్రివర్గ సభ్యులు ఓటింగు లేకుండానే విలీనం కావాలని తీర్మానించారు. దీనికి దేశభక్తి కారణమా, ఆర్థిక దిగ్బంధమా, ఫ్రెంచి అధికారులతో చెడిన సంబంధాలా అన్న చర్చ నేటికీ తెగలేదు. మొత్తానికి 1963లో పాండిచ్చేరి తొలి ముఖ్యమంత్రి అయినది ఈయనే, అదీ కాంగ్రెసు పక్షాన!

పాండిచ్చేరిలో గాలి మారిందని తెలియగానే యానాంలోనూ మారింది. అంతవరకు ఫ్రెంచివారి పక్షాన ఉన్న మేయరు మద్దింశెట్టి సత్యానందం ప్రభృతులు విలీనవాదులై కాకినాడ చేరారు. ఫ్రెంచి పోలీసు శాఖలో ఒకప్పుడు ఉద్యోగి అయిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వాన వాలంటీర్లు 1954 జూన్ 13న యానాంలో ప్రవేశించి పాలనను స్వాధీనం చేసుకున్నారు. ఆ ఘర్షణలో ఫ్రెంచి పక్షపు ప్రముఖుడు సమతం కృష్ణయ్య ప్రాణాలు కోల్పోయాడు. విలీన చరిత్రను కేవలం ఉత్సవంగా చెప్పేవారు ఈ మరణాన్ని దాటవేస్తూ ఉంటారు. అది సరికాదు.

తేదీని కూడా గమనించాలి. మే 7న వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ పతనమైంది. జూన్ 12న పారిస్‌లో లనియెల్ ప్రభుత్వం శాసనసభలో ఓడిపోయింది. మరునాడే యానాం చేజారింది. జూన్ 18న మెందెస్ ఫ్రాన్స్ ప్రధాని అయ్యాడు. ఇండోచైనా యుద్ధాన్ని ముగించి తీరాలన్నది అతని పట్టుదల. జూలైలో జెనీవా ఒప్పందాలు కుదిరాయి. వాటి అమలును చూసే అంతర్జాతీయ సంఘాలకు భారతదేశమే అధ్యక్షత వహించవలసి వచ్చింది. అటువంటి దేశంతో నాలుగు చిన్న స్థావరాల కోసం తగవు పెట్టుకోవడం అతనికి గిట్టుబాటు కాదు.

కాని ప్రజల సమ్మతి లేనిదే భూభాగాన్ని వదులుకోరాదని 1946 ఫ్రెంచి రాజ్యాంగం శాసించింది. దీనికొక ఉపాయం దొరికింది. 1954 అక్టోబరు 18న పాండిచ్చేరి సమీపాన కీళూరు గ్రామంలో 178 మంది ప్రతినిధులు సమావేశమై ఓటు వేశారు. విలీనానికి అనుకూలం 170, ప్రతికూలం 8. ఇందులో పాల్గొన్నవారు ప్రజాప్రతినిధులే గాని ప్రజలు కారు. అయినా దానినే ప్రజల సమ్మతిగా భావించి అక్టోబరు 21న ఒప్పందం చేసుకున్నారు. నవంబరు 1న పాలన భారతదేశానికి బదిలీ అయింది.

సరిగ్గా ఆ 1954 నవంబరు 1వ తేదీనే అల్జీరియా ముస్లిములు, జాతీయ విమోచన ఫ్రంట్ నాయకత్వాన, ఫ్రెంచి పాలనపై సాయుధ సమరం ప్రారంభించారు. యానాంను చర్చలతో వదిలిన మెందెస్ ఫ్రాన్స్ ప్రభుత్వమే అల్జీరియా ఫ్రాన్సులో అంతర్భాగమని ప్రకటించి సైన్యాన్ని పంపింది. అయినా ఉత్తర ఆఫ్రికా విధానంపైనే 1955 ఫిబ్రవరిలో అది కూలిపోయింది. యానాంలో ఓట్లున్న ఫ్రెంచి వలసదారుల వర్గమంటూ లేదు. అల్జీరియాలో దాదాపు పది లక్షల మంది యూరోపియన్ వలసదారులు, వారికి పారిస్‌లో బలమైన పలుకుబడి ఉన్నాయి. ఒక చోట శాంతికీ మరొక చోట యుద్ధానికీ ఉన్న తేడా న్యాయంలో లేదు, ఓట్లలో ఉన్నది.

1956 మే 28న స్థావరాలను అప్పగించే ఒప్పందంపై సంతకం చేసినది సోషలిస్టు గీ మొలే ప్రభుత్వం. అదే ప్రభుత్వం అదే సంవత్సరం అల్జీరియాలో ప్రత్యేకాధికారాలు చేపట్టి యుద్ధాన్ని తీవ్రం చేసింది. ఆ ఒప్పందాన్ని పార్లమెంటు ముందు పెడితే ‘పాండిచ్చేరిని ఇచ్చినవారు రేపు అల్జీర్సును ఇవ్వరా?’ అని ప్రత్యర్థులు అడిగే వాతావరణం పారిస్‌లో ఉన్నది. ఒప్పందం ధ్రువీకరణ లేక అలాగే పడి ఉన్నది. 1958 సెప్టెంబరులో కైరోలో అల్జీరియా తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినప్పుడు అరబ్బు రాజ్యాలు పలువురు వెంటనే గుర్తించగా, భారత ప్రభుత్వం గుర్తించలేదు. ధ్రువీకరణ కోసం ఎదురుచూపు కూడా ఆ సంకోచానికి ఒక కారణమై ఉండవచ్చు. అదే నిజమైతే, యానాం కాగితాల కోసం అల్జీరియా ముస్లిములు కొంత మూల్యం చెల్లించినట్లే.

1962 మార్చి 18న ఎవియాన్ ఒప్పందం కుదిరింది. జూలై మొదటివారంలో అల్జీరియా స్వతంత్ర దేశమైంది. ఇక పారిస్‌లో ఎవరికీ భయపడవలసిన పని లేకపోయింది. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం లభించి, ఆగస్టు 16న ధ్రువీకరణ పత్రాలు మార్చుకోవడం జరిగింది. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలచిన స్థానికులు ఆ తేదీ నుంచి ఆరు నెలల్లో లిఖితపూర్వకంగా కోరుకోవాలి, లేనిచో భారత పౌరులవుతారు. 1954లో తమ ఊరి విషయమై ఓటు వేయడానికి నోచుకోని యానాం వాసికి చివరకు దక్కిన స్వయంనిర్ణయం ఈ దరఖాస్తు ఒక్కటే. స్థావరాల ప్రత్యేక పాలనా ప్రతిపత్తిని మార్చదలిస్తే ప్రజల అభీష్టం తెలుసుకున్న మీదటే మార్చాలని ఆ ఒప్పందంలోనే మరొక నిబంధన ఉన్నది. చుట్టూ ఆంధ్ర భూమే ఉన్నా యానాం దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరాన గల పుదుచ్చేరితోనే ఇప్పటికీ ముడిపడి ఉన్నది.