ఫర్మానానుండి ప్రజాసమ్మతికి: హైదరాబాదున రాజ్యాధికార మూలము

రాజ్యాధికారమునకు మూలమేది యను ప్రశ్నకు రాజనీతి గ్రంథములలో సామాన్యముగ రెండు సమాధానములు కనవచ్చును. నిరంకుశ ప్రభుత్వమున ప్రభువు సంకల్పము, ప్రజాప్రభుత్వమున ప్రజల సమ్మతి మూలమని వాని సారము. ఇందు మొదటిది ప్రభువు చెప్పుకొను మాటయే గాని చరిత్ర నిరూపించు సత్యము కాదని మా తలంపు. హైదరాబాదు సంస్థానపు కడపటి దశను పరిశీలించి ఈ విషయమును విశదము చేయ యత్నింతుము.

1911లో సింహాసన మధిష్ఠించిన మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనమున ఫర్మానాయే శాసనము. 1939లో ప్రకటింపబడిన సంస్కరణములు సైతము వృత్తులనుబట్టి ప్రాతినిధ్యము కల్పించినవే గాని, మంత్రులను సభకు బాధ్యులను గావింపలేదు. అయినను ఈ ఫర్మానా తన బలముచే తాను నిలిచినది కాదు. బీరారు విషయమున నిజాము సమానస్కంధుడై వాదింపబోగా, బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతమని 1926లో వైస్రాయి రెడింగు ఖండితముగ వ్రాసెను. వెలుపల ఆ సార్వభౌమత్వపు అండ, లోపల జాగీర్దారుల, దేశముఖుల పెత్తనము, సైన్యము, వీనికి లోబడి వెట్టి చేయు రైతుల విధేయత—ఈ నాలుగును ఫర్మానాకు ఆధారములు.

ఇవి యొక్కొక్కటిగ తొలగిన క్రమము గమనింపదగినది. 1946లో నల్లగొండ, వరంగల్లు జిల్లాల రైతులు వెట్టికి ఎదురు తిరిగిరి. 1947 ఆగస్టులో బ్రిటిషు సార్వభౌమత్వ మంతరించెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించిన కొలది దినములలోనే నిజాము సేన లొంగిపోయెను. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యెను. ఆ సంవత్సరము నవంబరులో, భారత రాజ్యాంగమును హైదరాబాదునకు అంగీకరించుచు నిజాము ఫర్మానా వెలువరించెను. ఫర్మానాల యుగమును ముగించినదియు ఫర్మానాయే. పలికినవాడు మునుపటి ప్రభువే. పలికించిన బలము మాత్రము వేరు.

అయితే ప్రజాధికారము ఆనాడే నెలకొన్నదనుట తొందరపాటు. రాజ్యాంగ పరిషత్తులో హైదరాబాదు ప్రతినిధులు లేరు. ప్రజల పేర వెలసిన రాజ్యాంగము ఇచటి ప్రజలకు ప్రభువు చేతిమీదుగ అందినది. మొదట సైనిక గవర్నరు, 1950 నుండి ప్రభుత్వోద్యోగియైన వెల్లోడి ముఖ్యమంత్రిగను పాలించిరి. ప్రజలు స్వయముగ పలికినది తొలి సార్వత్రిక ఎన్నికలలోనే. నిషేధమునకు గురియైన కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంటు పేర పోటీ చేయగా, రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి నెహ్రూగారికంటె అధికముగ ఓట్లు పొంది లోకసభకు ఎన్నికైరి. 1952 మార్చిలో కాంగ్రెసు పక్షమున బూర్గుల రామకృష్ణారావుగారు మంత్రివర్గ మేర్పరచిరి. ప్రభుత్వమునకును, ప్రతిపక్షమునకును బలమిచ్చిన మూలము ఒక్కటే.

దీనినిబట్టి నిరంకుశాధికారము సైతము ప్రజల విధేయతపైననే నిలుచునని మేము తలంచుచున్నాము. భేదమెల్ల ఆ విధేయతను మరలించుకొను మార్గమునందే కలదు. ప్రజాప్రభుత్వమున నది నిర్ణీతకాలమున ఓటుచే సాధ్యము. తెలంగాణ రైతునకు 1946లో ప్రాణము లొడ్డక సాధ్యము కాలేదు. కావున సంస్థాన చరిత్ర వ్రాయబూను పరిశోధకులు ఫర్మానాలతో తృప్తిపడక, గ్రామముల రెవిన్యూ దస్తరములను, ఆంధ్ర మహాసభ తీర్మానములను, వెట్టి చేసిన కుటుంబముల వాఙ్మూలములను గూడ శోధింపవలెను. ఆ తరమువారు అరుదైపోయిన యీ దినములలో ఈ పని యింక వాయిదా వేయదగినది కాదు.