ఎదురుచూపుల కొండ

రేడియో మీట తిప్పగానే మాట వినబడటం మనకిప్పుడు వింత కాదు. కానీ ఈ తేలిక వెనక ఒక కొండ ఉంది. కెనడాకు తూర్పు అంచున, న్యూఫౌండ్లాండ్ దీవిలో, సెయింట్ జాన్స్ రేవు ఒడ్డున ఉన్న సిగ్నల్ హిల్. రండి, ఓసారి ఎక్కి చూద్దాం.

దారిలో క్వీన్స్ బ్యాటరీ అనే పాత కోట శిథిలం, అందులో ఫిరంగులు కనబడతాయి. 1762లో ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివాళ్ళని ఓడించింది ఈ కొండమీదే. అయినా కొండకు పేరు తెచ్చినవి ఫిరంగులు కావు, జెండాలు. 18వ శతాబ్దం నుంచీ ఇక్కడ, దూరాన ఓడ కనబడితే చాలు, స్తంభానికి జెండా ఎగరేసేవారు. వస్తున్నది ఎవరి ఓడో కింద వర్తకులకి తెలిసిపోయేది. ఓడ రేవుకొచ్చేలోగా సరుకు దింపే ఏర్పాట్లు చేసుకునేవారు.

వర్తకుడికి అది లాభనష్టాల కబురు. మరి ఆ ఓడలో భర్తో కొడుకో ఉన్న ఇల్లాలికో? సుమారు 160 మీటర్ల ఎత్తున్న శిఖరాన్ని "లేడీస్ లుకౌట్" అంటారు. మగవాళ్ళ ఓడల కోసం ఆడవాళ్ళు అక్కడ నిలబడి చూసేవారు గనక ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. వాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారు గనక!

1901 డిసెంబరు 12న ఇదే కొండమీద, వాడకం మానేసిన ఒక ఆసుపత్రిలో మార్కోనీ చెవికి గొట్టం పెట్టుకు కూర్చున్నాడు. బయట ఈదురుగాలిలో ఒక గాలిపటం ఏరియల్ తీగని పైకెత్తి పట్టుకుంది. ఇంగ్లండులోని పోల్డూ నుంచి, మూడువేల కిలోమీటర్లకు పైగా దాటి, మోర్స్ సంకేతంలో 'ఎస్' అక్షరపు మూడు చుక్కలు వినిపించాయన్నాడు. విన్నది ఆయనా, సహాయకుడు కెంప్! నిజంగా విన్నారా అని నేటికీ వాదనలున్నాయి.

ఇంకో మాట చెప్పాలి. ఆనాడు వాడిన పాదరసపు గ్రాహకానికి మూలం మన జగదీశ్ చంద్ర బోస్ 1899లో వివరించిన పరికరమేనని 1998లో ప్రొబీర్ బంద్యోపాధ్యాయ ఆధారాలతో రాశారు. 1909లో నోబెల్ బహుమానం మాత్రం మార్కోనీకీ, బ్రౌన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడికీ వచ్చింది.

ఆ ఆసుపత్రి 1920లో కాలిపోయింది. మీకెప్పుడైనా అటు వెళ్ళే వీలు కలిగితే, 1900లో పూర్తయిన కాబట్ టవర్ ఒక్కటే చూసి తిరిగి రాకండి. శిఖరం దాకా నడవండి. కబురు కోసం కళ్ళు కాయలు కాచేలా చూసినవాళ్ళూ ఆ కొండ చరిత్రే.