రాగిరేకులు – నిలువెత్తు విగ్రహము

కామారెడ్డి జిల్లాలోని మన రాజంపేట పేరు గలదే మరొక రాజంపేట కడప సీమలో కలదు. దాని చెంతనున్న తాళ్లపాకలో, రహదారి ప్రక్కన, పదకవితాపితామహుడు అన్నమాచార్యుల 108 అడుగుల విగ్రహము వెలసియున్నది.

1408లో ఆ గ్రామమున జన్మించి 1503లో పరమపదించిన ఆ మహనీయుడు 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. శతాబ్దములు మరుగునపడిన ఆ రేకులు 1922లో వెలుగు చూచినవి. నేడు లభించునవి సుమారు 12,000 మాత్రమే.

వేదమును గురుముఖమున నేర్చిన మేము ఒక్కటి విన్నవింతుము. రేకు అక్షరమును కాపాడినది. కీర్తనకు ప్రాణము గళమే. విగ్రహమునకు మ్రొక్కినంతనే కవిఋణము తీరదు. ఇంటింట పిల్లలచే నిత్యమొక కీర్తన పాడింపుడు.