బెజ్జం నుంచి దండ దాకా: తెలుగునాట పూసల చరిత్ర

రాయి, ఎముక, మట్టి, గాజు ఏదైనా సరే, బెజ్జం పడితేనే పూస అవుతుంది. అందులోంచి దారమో తీగో దూరితేనే నగ అవుతుంది. తెలుగునాట ఇళ్లలో పూసల దండలు గుచ్చుకునే అలవాటు చాలా పాతది. ఆ బెజ్జం వేయడం ఎంత కష్టమో, ఎప్పుడు తేలికైందో గమనిస్తే పూస ఎవరెవరి మెడలోకి ఎలా చేరిందో అర్థమవుతుంది.

మొదట్లో మేలైన పూసలంటే రాతివే. రాకాసి గుళ్లని జనం పిలుచుకునే బృహచ్ఛిలా సమాధుల్లోనూ, శాతవాహనుల కాలపు ఊళ్లలోనూ కార్నీలియన్ వంటి రంగురాళ్ల పూసలు దొరికాయి. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపూర్‌లో 1940ల మొదట్లో గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగినప్పుడు మట్టి పూసలు, రాతి పూసలు, గాజు పూసలు బయటపడ్డాయి. రాతి పూస చేయాలంటే రాయిని చెక్కాలి, అరగదీయాలి, ఆపైన తొలవాలి. అన్నిటికన్నా కష్టమైంది తొలవడమే. గట్టి రాయికి వజ్రపు మొన ఉన్న బర్మాతో ఒక్కో పూసకూ విడిగా బెజ్జం వేయాలి. కాస్త అటూఇటూ అయితే రాయి పగిలి, అప్పటిదాకా పడ్డ శ్రమంతా వృథా అవుతుంది. అందుకే రాతిపూసల దండ కలిగినవాళ్ల సొమ్ముగానే ఉండిపోయింది.

ఈ కష్టాన్ని గాజు తప్పించింది. కరిగిన గాజు ముద్ద లోపల బోలు ఉంచి సాగదీస్తే సన్నని గొట్టం వస్తుంది. ఆ గొట్టాన్ని ముక్కలుగా నరికితే ప్రతి ముక్కా పూసే. బెజ్జం విడిగా వేయనక్కర్లేదు, గొట్టంతోపాటే వస్తుంది. ఒక్క రాతిపూసను తొలిచే వేళకు ఎన్నో గాజుపూసలు తయారవుతాయి. క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దాల నాటికే దక్షిణ భారతదేశంలో ఈ విద్య బాగా సాగింది. దానికి పేరుపడిన చోటు పుదుచ్చేరి దగ్గరి అరికమేడు. అక్కడ 1945లో మార్టిమర్ వీలర్, 1947 నుంచి 1950 వరకు జె. ఎం. కసాల్, 1989 నుంచి 1992 వరకు విమలా బెగ్లీ బృందం తవ్వకాలు జరిపారు. రోమన్ మట్టిపాత్రల పెంకులతోపాటు పూసలు, పూసల తయారీలో మిగిలిన గాజు తుక్కు కూడా అక్కడ దొరికాయి.

ఈ పూసలు చాలావరకు 6 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి. ఒక్కో పూసకు ఒకటే రంగు: ఇటుక ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు. ఎరుపు రాగితో వస్తుంది. కొలిమిలో గాలి తక్కువగా ఉండేలా మంటను అదుపు చేస్తేనే ఆ రంగు నిలుస్తుంది, లేకపోతే అదే రాగి గాజును ఆకుపచ్చగానో నీలంగానో మారుస్తుంది. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి థాయిలాండ్, వియత్నాం మీదుగా కొరియా, జపాన్ వరకు ఇటువంటి పూసలు దొరుకుతున్నాయి. వీటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టినవాడు అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్. శ్రీలంకలోని మంటై, వియత్నాంలోని ఓక్ ఇయో వంటి రేవుల్లోనూ వీటిని తయారుచేశారని ఆయన గుర్తించాడు. అంటే సరుకు వెంట పనితనం కూడా సముద్రం దాటింది.

ఆ పనితనం ఇరవయ్యో శతాబ్దం దాకా సజీవంగా నిలిచింది తెలుగునేలపైనే. శ్రీకాళహస్తి ప్రాంతంలో, ప్రాచీన శివలింగానికి పేరుగాంచిన గుడిమల్లం దగ్గర పాపానాయుడుపేట ఉంది. ఇప్పుడది తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోకి వస్తుంది. గాజును చేత్తో సాగదీసి పూసలు చేసే పద్ధతిని ఈ ఊరి పనివాళ్లు కాపాడుకొచ్చారు. అరికమేడు గాజు తుక్కులో కనిపించే ఆనవాళ్లకూ ఈ ఊరి కొలిముల పనికీ ఉన్న పోలికను ఫ్రాన్సిస్ లోకానికి చూపాడు. ప్రాచీన పూసలు ఎలా తయారయ్యాయో తెలుసుకోగోరే పురావస్తు శాస్త్రవేత్తలకు పాపానాయుడుపేట పాఠశాల అయింది.

ఈ ఊరి పద్ధతిలో, కొలిమిలో కరిగిన గాజును లాడా అనే పొడవాటి ఇనుప గొట్టం కొసకు చుట్టి, దొర్లించి, శంకువులా తీర్చుతారు. గొట్టం లోపలి నుంచి ఊచ దూర్చి ఆ ముద్దకు బోలు కల్పిస్తారు. లాడాను మళ్లీ కొలిమిలో పెట్టాక, అవతలి వైపు కూర్చున్న మేస్త్రీ కొక్కెంతో గాజు మొన పట్టుకుని లాగడం మొదలుపెడతాడు. ఇక గంటల తరబడి చెయ్యి ఆగదు. లాగే వేగం పెరిగితే గొట్టం సన్నబడుతుంది, తగ్గితే లావవుతుంది. పూస సైజును తేల్చేది ఆ చేతి నిలకడే. చల్లారిన గొట్టాలను కట్టలుగా పట్టి పదునైన అంచుమీద ముక్కలు చేస్తారు. ఆ ముక్కల అంచులు దారాన్ని కోసేంత వాడిగా ఉంటాయి కాబట్టి, వాటిని బూడిదలో కలిపి మళ్లీ వేడిచేస్తారు. బూడిద బెజ్జాలు మూసుకుపోకుండా, పూసలు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడుతుంది. వేడికి అంచులు గుండ్రబడతాయి. తర్వాత జల్లించి సైజులవారీగా వేరుచేసి, గుచ్చుతారు. ఈ గుచ్చే పని ఎక్కువగా ఆడవాళ్లది.

పూసలు ఊరూరికీ చేరడంలో పూసలవాళ్ల పాత్ర పెద్దది. తెలంగాణలో పూసల కులంగా గుర్తింపు పొందిన ఈ సంచార వర్తకులు పూసలు, సూదులు, దారాలు, పిన్నులు, దువ్వెనలు మోసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. సంతకు వెళ్లే వీల్లేని ఆడవాళ్లు గడప దగ్గరే కావలసిన రంగు ఎంచుకుని, తమ దండ తామే గుచ్చుకునేవారు.

తెలుగిళ్లలో అన్నిటికన్నా గౌరవం దక్కింది నల్లపూసకు. పసిపిల్లల ముంజేతికి దిష్టి తగలకుండా కట్టేది అదే, పెళ్లయిన ఆడదాని మెడలో ఉండేదీ అదే. పెళ్లినాడు పసుపుతాడుకు కట్టిన మంగళసూత్రాలను చాలా ఇళ్లలో పదహారు రోజుల పండగనాడు మార్చి, నల్లపూసలు, పగడాలతో గుచ్చుతారు. ముత్తైదువులు కూర్చుని చేసే ఈ పని వేడుకలో భాగం. చాలాకాలం కనిపించని మనిషిని ‘నల్లపూసైపోయావు’ అని పలకరించడం తెలుగువారికి అలవాటు.

లంబాడీ తండాల్లో పూసల పని మరో రూపం తీసుకుంది. అక్కడి ఆడవాళ్లు పూసలు, గవ్వలు, అద్దాలు, నాణేలు కలిపి బట్టకు కుట్టి, దండలుగా అల్లి, తమ అలంకారం చాలావరకు తామే తయారుచేసుకున్నారు. తల్లి చేతినుంచి కూతురు చేతికి వచ్చిన విద్య ఇది.

దారం చోటును తీగ తీసుకోవడం తర్వాతి మలుపు. నూలుదారం తడిసి, నానిపోయి, తెగుతుంది. బంగారు తీగ అంత తేలిగ్గా తెగదు, పైగా అక్కరకొచ్చే ఆస్తి. కంసాలి బంగారపు కడ్డీని సాగగొట్టి, కమ్మచ్చు అనే ఉక్కుపలకలోని బెజ్జాల గుండా, పెద్దదానిలోంచి మొదలుపెట్టి చిన్నదాని దాకా లాగి తీగ తీస్తాడు. గాజుకైనా బంగారానికైనా లాగడమే కీలకం కావడం ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికం. సన్నతీగలు పేని అల్లితే పుస్తెలతాడవుతుంది. ఒక్కో పూసలో తీగ దూర్చి, కొసలు వంచి, కొండీలు చేసి కలిపితే నల్లపూసల గొలుసవుతుంది. ఒక్క పేట తెగినా పూసలన్నీ రాలిపోయే దారపు దండకు భిన్నంగా, ఇందులో ప్రతి పూసా తన కొండీకే అంటిపెట్టుకుంటుంది. వెండితీగను మెలిపెట్టి అల్లికలు తీర్చే కరీంనగర్ ఫిలిగ్రీ పనివాళ్లు ఇదే తీగ విద్యను మరో శిఖరానికి చేర్చారు.

పంతొమ్మిదో శతాబ్దంలో వెనిస్, బొహీమియాల యంత్రపు పూసలు, తర్వాత జపాన్, చైనాల పూసలు మార్కెట్లోకి వచ్చాయి. సైజు తేడా లేని ఆ పూసల ముందు చేతిపూసకు గిరాకీ తగ్గింది. ఇంటి పని మాత్రం ఆగలేదు. నేడు హైదరాబాద్ బేగంబజార్ వంటి చోట్ల బీడ్స్, హుక్కులు, గేర్ వైరు కొని తెచ్చుకుని ఇంట్లోనే నగలు చేసి అమ్ముకునే ఆడవాళ్లు ఎందరో. గేర్ వైరంటే సన్నటి ఉక్కుతీగలను కలిపి పేని, పైన నైలాన్ పూత వేసిన తీగ. ముడి వేస్తే అది నిలవదు కాబట్టి, కొసను చిన్న లోహపు గొట్టంలో దూర్చి, వెనక్కి మలిచి, పటకారుతో నొక్కి బిగిస్తారు. మైనం రాసిన నూలుదారం, కమ్మచ్చులో లాగిన బంగారు తీగ, ఇప్పుడీ ఉక్కు పేట, మూడూ పూస బెజ్జానికి సరిపడేంత సన్నగా, దండ బరువుకు తెగనంత గట్టిగా ఉండాలి. పూసలు గుచ్చే చేయి వెతికేది ఎప్పుడూ ఈ రెండు గుణాలనే.