పియానో తిత్తుల నుంచి వైపర్ మోటారు దాకా

ఇంట్లో ప్లైవుడ్ కోసి, వైర్లు అతికించి ఫ్లైట్ సిమ్యులేటర్ కట్టుకునేవాళ్లని చూస్తే చాలామందికి నవ్వొస్తుంది. నిజానికి సిమ్యులేటర్ పుట్టుకే అలాంటిది. 1910 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో ఆంత్వానెత్ విమానాలు నేర్పేవారు పీపాను సగానికి కోసి, ఆ ముక్కల్ని ఒకదానిమీద ఒకటి నిలబెట్టారు. పైన శిష్యుడు కూర్చునేవాడు. కిందివాళ్లు చేతులతో అటూ ఇటూ ఊపుతుంటే, అతను చక్రాలు తిప్పి సర్దుకోవాలి. అంతే సరంజామా!

అసలు మలుపు అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో వచ్చింది. ఎడ్విన్ లింక్ తండ్రికి అక్కడ ఆర్గన్లు, వాటంతటవే మోగే పియానోలు తయారుచేసే కార్ఖానా ఉండేది. 1920లో లింక్ 50 డాలర్లు పోసి మొదటి విమాన పాఠానికి వెళ్తే, కంట్రోల్స్ ముట్టుకోనే లేదు. అంత ఖర్చు భరించలేనివాళ్లు నేలమీదే నేర్చుకునే దారి వెతికి, 1929కల్లా యంత్రం సిద్ధం చేశాడు. పొట్టి రెక్కల చెక్క విమానం, దాని కింద ఆర్గన్ తిత్తులు. మన హార్మోనియం తిత్తి లాంటివే. స్టిక్ కుడికి వంచితే వాల్వులు కదిలి ఒకవైపు తిత్తిలో గాలి తగ్గుతుంది, రెండోవైపు నిండుతుంది, విమానం ఒరుగుతుంది. పేటెంటులోనే దాన్ని శిక్షణకూ వినోదానికీ పనికొచ్చే సాధనంగా రాసుకున్నాడు. మొదట కొన్నది కూడా వినోదాల పార్కులవాళ్లే.

1934లో అమెరికా సైన్యం విమాన తపాలా బాధ్యత తీసుకుంది. చీకట్లో, మంచులో పరికరాల్ని చూసి నడపడం రాని పైలట్లు వరుసగా కూలిపోయారు. అప్పుడు ఒక్కోటి 3,500 డాలర్లకు ఆరు లింక్ ట్రైనర్లు కొన్నారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి పది వేలు దాటాయి.

ఆ తర్వాత సిమ్యులేటర్లు ఆరు కాళ్ల హైడ్రాలిక్ వేదికలెక్కి కోట్ల ఖరీదయ్యాయి, సామాన్యుడికి దూరమయ్యాయి. మళ్లీ ఇంటికి తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో విమానం ఎగిరే దృశ్యాన్ని కంప్యూటర్‌తో చూపించడంమీద థీసిస్ రాసి, 1980కల్లా ఆపిల్ 2 కంప్యూటర్‌లో విమానం ఎగరేశాడు. నేలంతా ఉత్త గీతలే. 1982లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఐబీఎమ్ పీసీకి తీసుకుంది. 1990ల చివర్లో ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ పూర్తిగా ఉచితంగా వచ్చింది. ఇక మిగిలింది చేతికి తగిలే సామానే.

అది ఆర్డ్యునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో తీరింది. స్టిక్ ఇరుసుకి పొటెన్షియోమీటర్ బిగిస్తే, వంపునుబట్టి 0 నుంచి 5 వోల్టుల మధ్య వోల్టేజీ మారుతుంది. బోర్డు దాన్ని 0 నుంచి 1023 వరకు అంకెగా చదువుతుంది. ఆర్డ్యునోల్లో లియోనార్డో రకమైతే కంప్యూటర్‌కి యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లాగే కనిపిస్తుంది. చవక పొటెన్షియోమీటర్ కొన్నాళ్లకి అరిగి, కదపకుండానే రెక్క వణుకుతుంది. అందుకే అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ మేలు. ఇవన్నీ హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో బేరమాడి కొనుక్కోవచ్చు.

లింక్ డబ్బాలో మూత వేస్తే బయటి దృశ్యం ఉండేది కాదు, కదలిక మాత్రం ఉండేది. ఇప్పటి ఇళ్లలో దృశ్యం పుష్కలం, కుర్చీ మాత్రం కదలదు. కొందరు కారు వైపర్ మోటార్లతో దాన్ని కదుపుతున్నారు. నన్నడిగితే ఆ డబ్బు ముందు గట్టి రడ్డర్ పెడల్స్‌కి పెట్టాలి. గాలి పక్కనుంచి వీచినప్పుడు ల్యాండింగ్‌లో పనికొచ్చేవి కాళ్లే.