టెడ్ స్టెపియన్

టెడ్ స్టెపియన్ (1925 - 2007) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన వ్యాపారవేత్త. 1980 నుండి 1983 వరకు ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ కావలియర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు యజమానిగా ఉన్నాడు. ఆ మూడు సీజన్లలో ఆడిన 246 ఆటలలో జట్టు గెలిచినవి 66 మాత్రమే. యజమాని అతిజోక్యం వలన ఒక జట్టు ఎంత దెబ్బతినగలదో చెప్పేటపుడు అమెరికా క్రీడా రచయితలు తరచుగా ఈయన పేరునే ఉదాహరిస్తారు. ఈయన చర్యల కారణంగా ఎన్.బి.ఏ. చేసిన ఒక నిబంధనను నేటికీ "స్టెపియన్ నియమం" అనే వ్యవహరిస్తారు.

నేపథ్యం

స్టెపియన్ పిట్స్‌బర్గ్‌లో జన్మించాడు. ప్రకటనల వ్యాపారంలో ధనం గడించాడు. కావలియర్స్ కంటే ముందు ఈయనకు ఒక సాఫ్ట్‌బాల్ జట్టు ఉండేది. దాని ప్రచారం కోసం 1980లో క్లీవ్‌లాండ్‌లోని 52 అంతస్తుల టెర్మినల్ టవర్ పైనుండి బంతులను క్రిందికి వేయించాడు. ఒక బంతి కారుకు తగిలింది, మరొక దాని వలన చూడవచ్చిన ఒకరి మణికట్టు విరిగింది. జట్టు యజమానిగా ఈయన ధోరణి కూడా ఇంతకంటే భిన్నంగా లేదు.

ఆటగాళ్ళ మార్పిడి

ఎన్.బి.ఏ.లో ప్రతి ఏటా కొత్త యువ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దీనిని డ్రాఫ్ట్ అంటారు. బలహీనమైన జట్టుకు ముందు వంతు వస్తుంది కాబట్టి, ఓడిన జట్టు కోలుకోవడానికి ఇదే ప్రధాన మార్గం. ఈ వంతులను రాబోయే సంవత్సరాలవి కూడా ఇతర జట్లకు ఇచ్చి, బదులుగా ఆటగాళ్ళను తెచ్చుకోవచ్చు. స్టెపియన్ చేసినది విత్తనపు గింజలు వండుకు తినడం వంటిదే. 1980-81 సీజన్ ముగియక ముందే 1984, 1985, 1986 సంవత్సరాల మొదటి రౌండు వంతులు 1980లోనే లీగ్‌లో చేరిన డల్లాస్ మావెరిక్స్ చేతికి వెళ్ళాయి. డల్లాస్ వాటితో వరుసగా శామ్ పెర్కిన్స్, డెట్లెఫ్ ష్రెంఫ్, రాయ్ టార్ప్లీలను ఎంచుకుంది. వీటిలో 1984 వంతుకు బదులుగా వచ్చిన మైక్ బ్రాట్జ్ క్లీవ్‌లాండ్‌కు ఆడినది ఒకే సీజన్.

పరిస్థితి గమనించిన లీగ్ కమిషనర్ లారీ ఓబ్రియన్ 1980 నవంబరులో, కావలియర్స్ ఏ మార్పిడి చేసినా ముందుగా లీగ్ అనుమతి పొందాలని ఆంక్ష విధించాడు. ఒక యజమాని తన జట్టుకు తానే హాని చేయకుండా లీగ్ అడ్డుపడవలసి రావడం అరుదైన విషయం.

1982లో జేమ్స్ వర్తీ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కు దక్కడానికి కారణమైన మార్పిడిని కూడా కొందరు స్టెపియన్ ఖాతాలోనే వేస్తుంటారు. ఇది సరికాదు. ఆ ఒప్పందం 1980 ఫిబ్రవరిలో, ఈయన యజమాని కాకముందే జరిగింది.

శిక్షకులు, ప్రేక్షకులు

1981-82 సీజన్‌లో జట్టుకు నలుగురు ప్రధాన శిక్షకులు మారారు. స్టెపియన్ సాఫ్ట్‌బాల్ జట్టుతో సంబంధం ఉన్న డాన్ డెలానీ మొదటివాడు. బాబ్ క్లోపెన్‌బర్గ్ తాత్కాలికంగా బాధ్యత చూశాడు. తరువాత వచ్చిన చక్ డేలీ 41 ఆటలలో 9 గెలిపించి, 1982 మార్చిలో ఉద్వాసన పొందాడు. అతని స్థానంలో, అంతకు ముందు తొలగించబడిన బిల్ మసెల్‌మన్ తిరిగి వచ్చాడు. సీజన్ 15 గెలుపులు, 67 ఓటములతో ముగిసింది. ఇదే చక్ డేలీ తరువాత డెట్రాయిట్ పిస్టన్స్‌ను 1989, 1990లలో విజేతగా నిలిపాడు, 1992 ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా జట్టుకు శిక్షణ ఇచ్చాడు. లోపం శిక్షకునిలో లేదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

1981లో భారీ వేతనాలతో తెచ్చిన స్కాట్ వెడ్‌మన్, జేమ్స్ ఎడ్వర్డ్స్ ఇద్దరూ 1983 నాటికే ఇతర జట్లకు తరలిపోయారు. రెండు సీజన్ల మీదుగా జట్టు వరుసగా 24 ఆటలు ఓడింది.

జట్టులో తెల్లజాతి ఆటగాళ్ళు తగినంతమంది ఉంటేనే తెల్లజాతి ప్రేక్షకులు వస్తారన్న అర్థంలో స్టెపియన్ చేసిన బహిరంగ వ్యాఖ్యలు తీవ్ర విమర్శకు గురయ్యాయి. అభిమానులకు ఎంతో ఇష్టుడైన రేడియో వ్యాఖ్యాత జో టెయిట్‌ను కూడా 1981లో దూరం చేసుకున్నాడు. ఆ సీజన్ చివరి సొంత ఆటకు జనం ఇరవై వేలకు పైగా తరలివచ్చారు, అయితే అది జట్టును చూడడానికి కాదు, టెయిట్‌కు మద్దతు తెలపడానికి. 1982-83 నాటికి అదే రిచ్‌ఫీల్డ్ కొలీజియం చాలావరకు ఖాళీగా ఉండేది. జట్టును కెనడాలోని టొరంటోకు తరలిస్తానని కూడా స్టెపియన్ ప్రకటించాడు, కానీ అది జరగలేదు.

అమ్మకం, స్టెపియన్ నియమం

1983లో గోర్డన్ గండ్, జార్జ్ గండ్ సోదరులు జట్టును కొన్నారు. మొదటి రౌండు వంతులు లేని జట్టును ఎవరూ కొనరని గ్రహించిన లీగ్, 1983 నుండి 1986 వరకు అదనపు వంతులను కొనుక్కునే వీలు వారికి కల్పించింది. జో టెయిట్‌ను వారు తిరిగి పిలిచారు. 1985లో, జార్జ్ కార్ల్ శిక్షణలో, కావలియర్స్ 1978 తరువాత మొదటిసారిగా ప్లేఆఫ్స్‌కు చేరింది.

స్టెపియన్ నియమం ప్రకారం ఏ జట్టూ రాబోయే రెండు వరుస సంవత్సరాలలో మొదటి రౌండు వంతు లేకుండా ఉండే విధంగా మార్పిడి చేసుకోరాదు. ఏడాది విడిచి ఏడాది ఇవ్వవచ్చు. చేతిలో వేరొక జట్టు నుండి పొందిన వంతు ఉంటే సొంత వంతును వదులుకోవచ్చు. నిబంధన భవిష్యత్తు వంతులకే వర్తిస్తుంది కనుక, డ్రాఫ్ట్ రోజున ఆటగాడిని ఎంచుకున్న తరువాత అతనిని మరొక జట్టుకు పంపడానికి అభ్యంతరం లేదు.